కొత్త విద్యుత్ వాహనంలో పదే పదే లోపాలు: వినియోగదారుల న్యాయహక్కులు

కొత్తగా కొన్న విద్యుత్ వాహనం ఒకే లోపంతో గానీ, ఒకదాని వెంట మరొకటిగా బయటపడే లోపాలతో గానీ పదే పదే మరమ్మతుకు వెళ్లవలసి వచ్చినప్పుడు, భారతదేశంలో కొనుగోలుదారుకు ప్రధానంగా మూడు చట్టాల అండ ఉంది. అమ్మిన వస్తువు నాణ్యత విషయంలో విక్రేత బాధ్యతను 1930 నాటి వస్తు విక్రయ చట్టం నిర్ణయిస్తుంది. లోపమున్న వస్తువుకు మరమ్మతు, మార్పిడి, ధర వాపసు, నష్టపరిహారం కోరే హక్కును 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇస్తుంది. ప్రమాదకరమైన లోపమున్న వాహనాలను తయారీదారు వెనక్కి పిలిపించే విధానం (రీకాల్) మోటారు వాహనాల చట్టంలోని 110-ఎ సెక్షన్‌లో ఉంది. ఎన్నిసార్లు మరమ్మతు విఫలమైతే వాహనాన్ని వాపసు తీసుకోవాలో అంకె వేసి చెప్పే చట్టం మాత్రం దేశంలో లేదు. అందువల్ల లోపం మళ్లీ మళ్లీ వచ్చిందని, అది తయారీలోనే ఉందని చూపవలసిన భారం ఆచరణలో కొనుగోలుదారు మీదే పడుతోంది. ఆ భారాన్ని ఆయన మోయగలిగేదీ లేనిదీ చాలావరకు ఆయన దగ్గరున్న కాగితాలను బట్టి తేలుతోంది. నిజామాబాద్ పట్టణం, బోధన్ చెరకు ప్రాంతాల పరిస్థితుల్లో ఈ హక్కులు ఎలా వర్తిస్తాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

ప్రాంతీయ నేపథ్యం

నిజామాబాద్‌కు పడమరగా దాదాపు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న బోధన్, మంజీర నది మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో చెరకు పండించిన ప్రాంతానికి కేంద్రం. ఇక్కడి శక్కర్‌నగర్‌లో 1937లో నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారం ఒకప్పుడు ఆసియాలోని పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటిగా పేరు పొందింది. 2002లో ప్రైవేటు యాజమాన్యం చేతికి వెళ్లి, 2015లో మూతపడడంతో దాన్ని నమ్ముకున్న కార్మికులు, చెరకు రైతులు వేరే బతుకుదెరువు వెతుక్కోవలసి వచ్చింది. ఎడపల్లి, రెంజల్, కోటగిరి, రుద్రూర్, వర్ని మండలాల నుంచి పనుల కోసం బోధన్‌కో, నిజామాబాద్‌కో రోజూ వచ్చిపోయే వారికి, జనం ఛార్జింగ్ బండి అని పిలుచుకునే విద్యుత్ స్కూటర్ పెట్రోలు ఖర్చు తప్పించే సాధనంగా కనబడింది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వుతో విద్యుత్ వాహనాలకు 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మినహాయించడం కూడా కొనుగోళ్లకు ఊతమిచ్చింది.

ఈ ప్రాంతపు భౌగోళిక, సామాజిక పరిస్థితులు వినియోగదారు హక్కుల ప్రశ్నకు కొన్ని ప్రత్యేకతలు చేర్చుతున్నాయి. మొదటిది దూరం. కంపెనీ సర్వీస్ సెంటర్ జిల్లా కేంద్రంలో మాత్రమే ఉన్నప్పుడు బోధన్ కొనుగోలుదారు రానూ పోనూ 50 కిలోమీటర్లు తిరగాలి. ఛార్జింగ్ నిలవకపోవడమే అసలు లోపమైతే ఆ బండి సర్వీస్ సెంటర్ దాకా నడవదు, ట్రాలీ ఆటో మీద వేసి తీసుకువెళ్లాలి, ఆ కిరాయి ప్రతిసారీ కొనుగోలుదారు జేబులోంచే పోతుంది. రెండవది ఎండ. వేసవిలో 44, 45 డిగ్రీలు తాకే ఈ జిల్లాలో లిథియం అయాన్ బ్యాటరీలు వేడికి త్వరగా క్షీణించే అవకాశం ఎక్కువ. మూడవది వలస. గల్ఫ్ దేశాల్లో పనిచేసే కొడుకు పంపిన డబ్బుతో అతని పేరనో, అతని కోసమో కొన్న బండిని ఊళ్లో తండ్రో, భార్యో నడపడం ఇక్కడి ఇళ్లలో మామూలు విషయం. నాలుగవది సరిహద్దు. మహారాష్ట్రలోని ధర్మాబాద్, బిలోలి, నాందేడ్ బోధన్‌కు దగ్గరే కాబట్టి కొనుగోలు ఒక రాష్ట్రంలో, వాడకం మరో రాష్ట్రంలో జరగవచ్చు.

2022 నాటి ప్రమాదం, తదనంతర చర్యలు

విద్యుత్ స్కూటర్ లోపం ప్రాణాంతకం కాగలదని దేశానికి చాటిన సంఘటనల్లో ఒకటి నిజామాబాద్ పట్టణంలోనే జరిగింది. 2022 ఏప్రిల్ 19 అర్ధరాత్రి దాటాక ఇంట్లో ఛార్జింగ్‌కు పెట్టిన స్కూటర్ బ్యాటరీ 20వ తేదీ తెల్లవారుజామున పేలి, అదే గదిలో నిద్రిస్తున్న 80 ఏళ్ల వృద్ధుడు మరణించాడు, కుటుంబ సభ్యులు కాలిన గాయాల పాలయ్యారు. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవించిందన్న అభియోగంతో పోలీసులు కేసు నమోదు చేశారు. ఆ స్కూటర్ తయారీదారైన హైదరాబాద్ సంస్థ ప్యూర్ ఈవీ విచారం వ్యక్తం చేసింది. సంబంధిత వాహనపు విక్రయం, సర్వీసుల వివరాలు తమ రికార్డుల్లో కనబడలేదని, అది చేతులు మారిన వాహనమేమో పరిశీలిస్తున్నామని తెలిపింది. ఈట్రాన్స్ ప్లస్, ఈప్లూటో 7జీ నమూనాల్లో 2,000 వాహనాలను వెనక్కి పిలిపిస్తున్నట్టు ప్రకటించింది. మరి కొద్ది రోజులకే విజయవాడలో మరో కంపెనీ స్కూటర్ బ్యాటరీ ఇంట్లో పేలి ఒకరు మరణించారు. అదే నెలలో ఓకినావా 3,215 స్కూటర్లను, ఓలా ఎలక్ట్రిక్ 1,441 స్కూటర్లను వెనక్కి పిలిపించాయి.

ఈ వరుస ప్రమాదాల తరువాత కేంద్ర రోడ్డు రవాణా శాఖ, హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థకు చెందిన టాటా నరసింగరావు అధ్యక్షతన నిపుణుల సంఘాన్ని నియమించింది. ఆ సంఘం సిఫార్సుల మేరకు ద్విచక్ర, త్రిచక్ర విద్యుత్ వాహనాల బ్యాటరీలకు సంబంధించిన ఏఐఎస్-156 ప్రమాణాన్ని సవరించి, కొత్త నిబంధనలను 2022 డిసెంబరు 1 నుంచి ఒక దశగా, 2023 మార్చి 31 నుంచి రెండవ దశగా అమలులోకి తెచ్చారు. బ్యాటరీలోని సెల్లుల నాణ్యత, వాటి వోల్టేజీని, వేడిని కనిపెట్టి ప్రమాద సూచన రాగానే విద్యుత్తును ఆపే బ్యాటరీ నిర్వహణ వ్యవస్థ, ఛార్జర్, ఒక సెల్‌లో పుట్టిన మంట మిగతా వాటికి పాకకుండా చూసే ఏర్పాటు ఈ సవరణల్లోని ముఖ్యాంశాలు. వినియోగదారు హక్కుల దృష్టితో చూస్తే ఇవి కేవలం సాంకేతిక నిబంధనలు కావు. చట్టం విధించిన ప్రమాణానికి తగ్గ వస్తువు కాకపోవడమే లోపమని 2019 చట్టం చెబుతున్నందున, ఈ ప్రమాణాలు అమలైన తరువాత తయారైన బ్యాటరీ వాటికి తగ్గట్టు లేదని తేలితే లోపం రుజువైనట్టే.

వినియోగదారుడు ఎవరు

2019 చట్టంలోని సెక్షన్ 2(7) ప్రకారం డబ్బు చెల్లించి, లేదా వాయిదాల మీద, వస్తువును కొన్నవారే కాక, కొన్నవారి సమ్మతితో దాన్ని వాడుకునేవారు కూడా వినియోగదారులే. గల్ఫ్‌లో ఉన్న కొడుకు పేర బిల్లు ఉన్నా, బోధన్‌లో ఆ బండి నడిపే తండ్రి స్వయంగా ఫిర్యాదు చేయడానికి ఈ నిర్వచనం వీలిస్తుంది. వినియోగదారుడు మరణిస్తే చట్టబద్ధ వారసులు ఫిర్యాదుదారులు కావచ్చు.

తిరిగి అమ్మడానికి, లేదా వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవారు ఈ నిర్వచనంలోకి రారు. అయితే స్వయం ఉపాధితో జీవనం సాగించడానికి మాత్రమే కొని తానే వాడుకునే వ్యక్తికి ఈ మినహాయింపు అడ్డు కాదని చట్టమే వివరణ ఇచ్చింది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను విశదం చేసింది. అప్పు చేసి కొన్న విద్యుత్ ఆటోను తానే నడుపుకునే డ్రైవరు వినియోగదారుడే. పది ఆటోలు కొని జీతగాళ్లతో నడిపించే యజమాని సాధారణంగా కాడు. అందుకే ఆటో డ్రైవరు తన ఫిర్యాదులో, ఆ వాహనమే తన జీవనాధారమని, దాన్ని తానే నడుపుతున్నానని స్పష్టంగా రాయడం అవసరం.

లోపం, సేవాలోపం

వస్తువు నాణ్యత, పరిమాణం, సామర్థ్యం, ప్రమాణాల్లో చట్టం ప్రకారం గానీ, ఒప్పందం ప్రకారం గానీ, అమ్మకందారు చెప్పుకున్న దాని ప్రకారం గానీ ఉండవలసిన స్థాయి లేకపోవడాన్ని చట్టం లోపం అంటుంది. అమ్మకందారు చెప్పుకున్న దాని ప్రకారం అన్న మాట విద్యుత్ వాహనాల విషయంలో ఎంతో కీలకమైనది. ఒక్క ఛార్జింగ్‌తో ఇన్ని కిలోమీటర్లు నడుస్తుందని ప్రకటించే అంకె సాధారణంగా నిర్ణీత పరీక్షా పరిస్థితుల్లో వచ్చినది కనుక, రోడ్డు మీద కొంత తగ్గడాన్ని లోపంగా పరిగణించరు. కానీ కొన్న కొద్ది నెలలకే ఆ దూరం సగానికి పడిపోతే, లేదా ప్రకటనలోని అంకె ఏ పరిస్థితుల్లో వచ్చిందో దాచిపెడితే, మొదటిది లోపం కిందికి, రెండవది తప్పుదారి పట్టించే ప్రకటన కిందికి వస్తాయి.

మరమ్మతు ఆలస్యం చేయడం, విడిభాగం లేదని వారాల తరబడి బండిని ఉంచేసుకోవడం, వారంటీలో ఉన్న పనికి డబ్బు వసూలు చేయడం సేవాలోపాలు. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడాన్ని, బిల్లు ఇవ్వకపోవడాన్ని సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతులుగా పేర్కొంది. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని బిల్లు మీద అచ్చువేసినంత మాత్రాన ఈ బాధ్యత తప్పదు.

మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్న బండ్లను నిబంధనలు మోటారు వాహనాలుగా లెక్కించవు. వాటికి రిజిస్ట్రేషన్, లైసెన్స్ అక్కరలేదు. అలాంటి బండికి మోటారు వాహనాల చట్టంలోని రీకాల్ రక్షణ అందకపోయినా, అది కూడా డబ్బు పెట్టి కొన్న వస్తువే కాబట్టి వినియోగదారుల రక్షణ చట్టం పూర్తిగా వర్తిస్తుంది. రిజిస్ట్రేషన్ పత్రం లేని ఈ బండ్లకు బిల్లు ఒక్కటే పుట్టుక పత్రం. ఛాసిస్ నంబరు, మోటారు నంబరు, బ్యాటరీ సీరియల్ నంబరు మూడూ అందులో రాయించుకోకపోతే ఆ బండి ఎవరు అమ్మినదో చూపడమే కష్టమవుతుంది. నిజామాబాద్ ప్రమాదం తరువాత రికార్డుల గురించి తలెత్తిన ప్రశ్న ఇదే పాఠం చెబుతోంది.

వారంటీ, మార్పిడి: న్యాయస్థానాల దృక్పథం

వారంటీ పత్రాలు సాధారణంగా లోపమున్న భాగాన్ని బాగుచేయడమో, మార్చడమో వరకే తయారీదారును కట్టివేస్తాయి. 2006లో మారుతి ఉద్యోగ్, సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో సుప్రీంకోర్టు ఈ షరతునే ఆధారం చేసుకుని, భాగం మార్చితే సరిపోయేచోట మొత్తం వాహనాన్ని మార్చమనడం తగదని తీర్పు చెప్పింది. తయారీ కంపెనీలు నేటికీ ఎక్కువగా ఉదహరించే తీర్పు ఇది. అయితే ఇది మార్పిడికి శాశ్వతంగా తలుపులు మూయలేదు. సి.ఎన్. అనంతరాం, ఫియట్ ఇండియా కేసులో 2010 నవంబరులో సుప్రీంకోర్టు, వాహనంలో సహజంగానే తయారీ లోపం ఉందని స్వతంత్ర సాంకేతిక నిపుణుడు తేల్చితే కొనుగోలుదారు వాహనం ధరను, జీవితకాల పన్నును వడ్డీతో సహా తిరిగి పొందడానికి అర్హుడని చెప్పింది. ఈ రెంటినీ కలిపి చదివితే ఒక సూత్రం తేలుతుంది: ఒక భాగం చెడితే భాగం మార్పిడి, బండి మొత్తంగా నమ్మదగనిదని తేలితే ధర వాపసు.

నిపుణుడి నివేదిక ప్రతి కేసులోనూ తప్పనిసరి కాదు. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు విచ్చుకోని కారు విషయంలో, 2022 ఏప్రిల్‌లో హ్యుందాయ్ మోటార్ ఇండియా, శైలేంద్ర భట్నాగర్ కేసులో, వినియోగదారుడు వేగం, తాకిడి సిద్ధాంతాలు లెక్కగట్టగల నిపుణుడై ఉండాలని ఆశించరాదన్న దృష్టితో సుప్రీంకోర్టు వాహన మార్పిడి ఆదేశాన్ని సమర్థించింది. ఆ తర్కం విద్యుత్ వాహనానికీ వర్తించదగినదే. బ్యాటరీ నిర్వహణ వ్యవస్థలో ఏ దశలో ఏం జరిగిందో చెప్పమని కోటగిరి రైతును అడగడం న్యాయం కాదు.

డీలరు, తయారీదారు ఒకరి మీద ఒకరు నెట్టుకోవడం ఈ వివాదాల్లో సర్వసాధారణం. డీలరు చేసిన తప్పు తనకు తెలియకుండా జరిగితే, వారి మధ్య ఒప్పందం స్వతంత్ర వ్యాపారుల మధ్య ఒప్పందమైతే, దానికి తయారీదారును బాధ్యుణ్ని చేయలేమని 2021లో టాటా మోటార్స్, ఆంటోనియో పాలో వాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినందున, ఫిర్యాదులో డీలరును, తయారీదారును, వేరుగా ఉంటే సర్వీస్ సెంటర్‌ను కూడా ప్రతివాదులుగా చేర్చడం క్షేమం.

రుజువులు

పదే పదే వచ్చిన లోపానికి అన్నింటికన్నా బలమైన సాక్ష్యం జాబ్ కార్డ్, అంటే బండిని మరమ్మతుకు ఇచ్చినప్పుడు సర్వీస్ సెంటర్ రాసే పత్రం. బోధన్ రోడ్డు మీద 60 శాతం ఛార్జింగ్ చూపుతుండగానే బండి ఆగిపోయిందని యజమాని చెప్పినా, కౌంటర్ దగ్గర జాబ్ కార్డ్ మీద పడేది తరచుగా జనరల్ చెకప్ అన్న రెండు మాటలే. అలాంటి కార్డులు నాలుగు చేరినా వినియోగదారుల కమిషన్ ముందు అవి మామూలు సర్వీసులుగానే కనబడతాయి, లోపం ఎక్కడా కాగితం మీదకు రాదు. ప్రతిసారీ తేదీ, కిలోమీటరు రీడింగ్, ఛార్జింగ్ శాతం, బండి ప్రవర్తన, మార్చిన భాగం పేరు, బండి సర్వీస్ సెంటర్‌లో ఉన్న రోజులు కార్డులో రాయించుకుని, వాళ్లు రాయనంటే అదే విషయాన్ని అదే రోజు కంపెనీకి ఈమెయిల్‌గానో, వాట్సాప్ సందేశంగానో పంపితే, ఒకే లోపం వరుసగా వచ్చినట్టు ఆ పత్రాలే చెబుతాయి.

మీటరు మీద ఛార్జింగ్ శాతం ఒక్కసారిగా పడిపోయిన వీడియో, హెచ్చరిక సంకేతం ఫోటో, ట్రాలీ ఆటో కిరాయి రసీదు, బండి లేని రోజుల్లో బస్సు, ఆటో ఖర్చుల లెక్క, ఆటో డ్రైవరైతే పోగొట్టుకున్న రోజువారీ ఆదాయపు లెక్క తోడు సాక్ష్యాలవుతాయి. బయటి మెకానిక్ చేత బ్యాటరీ విప్పించడం, కంపెనీది కాని ఛార్జర్ వాడడం వారంటీని దెబ్బతీస్తాయి. వస్తువును మార్చి, దుర్వినియోగం చేసి వాడడం, లోపం వల్ల గాయమో, ఆస్తి నష్టమో జరిగినప్పుడు వేసే ఉత్పత్తి బాధ్యత కేసులో ప్రతివాదికి రక్షణ కూడా అవుతుంది.

విద్యుత్ వాహనానికి మరో సాక్షి ఉంది. కంపెనీ యాప్‌తో అనుసంధానమైన వాహనాలు వేగం, వేడి, బ్యాటరీ వోల్టేజీ, లోపాల సంకేతాలను కంపెనీ సర్వర్లకు పంపుతుంటాయి. సాఫ్ట్‌వేర్ నవీకరణలు కూడా దూరం నుంచే జరుగుతాయి. ఈ వివరాలు కంపెనీ చేతిలో మాత్రమే ఉంటాయి. పత్రాలను, వస్తువులను హాజరుపరచమని ఆదేశించడానికి సెక్షన్ 38 జిల్లా కమిషన్‌కు సివిల్ కోర్టు అధికారాలు ఇచ్చింది కాబట్టి, ఫిర్యాదుతో పాటే ఆ రికార్డులు తెప్పించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. పరీక్ష లేకుండా లోపం తేల్చలేని వస్తువును తగిన ప్రయోగశాలకు పంపే అధికారం కూడా అదే సెక్షన్‌లో ఉంది. ప్రయోగశాల సాధారణంగా 45 రోజుల్లో నివేదిక ఇవ్వాలి.

ఫిర్యాదు క్రమం

మొదటి మెట్టు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 1915 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనూ ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. ఇది తీర్పు చెప్పే వ్యవస్థ కాకపోయినా, కంపెనీ నుంచి వచ్చే రాతపూర్వక జవాబు తరువాత సాక్ష్యంగా పనికివస్తుంది. రెండవ మెట్టు డీలరుకు, తయారీదారుకు నోటీసు. చట్టం దీన్ని తప్పనిసరి చేయలేదు గానీ, లోపాన్ని సరిదిద్దుకునే అవకాశం ఇచ్చినట్టు చూపడానికి గడువు పెట్టి, అందినట్టు రుజువు దొరికే పోస్టులో పంపడం మేలు.

మూడవది జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్, అంటే జనం కన్జ్యూమర్ కోర్టు అని పిలిచే సంస్థ. 2021 డిసెంబరు నాటి నిబంధనల ప్రకారం చెల్లించిన ధర 50 లక్షల రూపాయల లోపు ఉన్న కేసులు జిల్లా కమిషన్‌కు, 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్‌కు, ఆపైన జాతీయ కమిషన్‌కు వెళతాయి. స్కూటర్లు, ఆటోలు, మామూలు కార్లన్నీ నిజామాబాద్ జిల్లా కమిషన్ పరిధిలోనే వస్తాయన్నమాట. ధర 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. 10 లక్షల వరకు 200 రూపాయలు, 20 లక్షల వరకు 400 రూపాయలు, 50 లక్షల వరకు 1,000 రూపాయలు. వకీలు లేకుండా ఫిర్యాదుదారు స్వయంగా వాదించుకోవచ్చు. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి వేదిక ద్వారా ఇంటి నుంచే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు.

పాత 1986 చట్టంలో లేని గొప్ప సౌకర్యం సెక్షన్ 34లో ఉంది: ఫిర్యాదుదారు నివసించే చోట, లేదా పనిచేసే చోట కేసు వేయవచ్చు. నాందేడ్‌లో కొన్నా, బెంగళూరు కంపెనీ నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించినా, బోధన్ నివాసి నిజామాబాద్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. కొనుగోలు షరతుల్లో మధ్యవర్తిత్వానికే పోవాలన్న నిబంధన ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ అధికారం పోదని 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్, ఆఫ్తాబ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

వివాదకారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలో ఫిర్యాదు వేయాలి. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అవకాశం ఉంది. బండి బాగవుతుందన్న ఆశతో ఏళ్లు గడిపేసేవారు ఈ గడువును మరవకూడదు. నోటీసు అందిన ప్రతివాది 30 రోజుల్లో, కమిషన్ అనుమతిస్తే మరో 15 రోజుల్లో జవాబివ్వాలి. ఈ 45 రోజులు దాటాక జవాబును స్వీకరించే అధికారం కమిషన్‌కు లేదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నిర్ణయించింది. పరీక్ష అవసరం లేని కేసును మూడు నెలల్లో, పరీక్ష అవసరమైన దాన్ని అయిదు నెలల్లో ముగించాలని చట్టం కోరుతున్నా, ఆచరణలో అంతకన్నా ఎక్కువ కాలం పట్టడం సాధారణం. ఈలోగా అప్పు కిస్తీలు ఆపితే రుణచరిత్ర దెబ్బతిని, బండి జప్తు దాకా పోవచ్చు కాబట్టి, కిస్తీలు కడుతూనే చెల్లించిన వడ్డీని కూడా పరిహారంలో కోరడం మేలు.

లభించే ఉపశమనాలు

సెక్షన్ 39 కింద కమిషన్ లోపాన్ని తొలగించమని, లోపం లేని కొత్త వస్తువు ఇమ్మని, ధరను వడ్డీతో వాపసు చేయమని, నష్టానికి, మానసిక వేదనకు పరిహారం చెల్లించమని, తగిన సందర్భాల్లో శిక్షాత్మక పరిహారం ఇమ్మని, ఖర్చులు భరించమని ఆదేశించగలదు. ఫిర్యాదులో ధర వాపసు ప్రధాన కోరికగా, అది కుదరకపోతే మార్పిడి, అదీ కుదరకపోతే బ్యాటరీనో, మోటారునో పొడిగించిన వారంటీతో మార్చడం ప్రత్యామ్నాయ కోరికలుగా వరుసగా రాయడం మంచి పద్ధతి. ఒకటే కోరి అది దక్కనివారు మిగతావి కూడా పోగొట్టుకోకుండా ఇది కాపాడుతుంది.

జిల్లా కమిషన్ ఆదేశం మీద 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేయవచ్చు. డబ్బు చెల్లించమన్న ఆదేశం మీద అప్పీలుకు వెళ్లే కంపెనీ ముందుగా సగం మొత్తం జమ చేయాలి. ఆదేశాన్ని పాటించనివారికి సెక్షన్ 72 కింద ఒక నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, లేదా 25 వేల నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఉత్పత్తి బాధ్యత

లోపం వల్ల మనిషికి గాయమైనా, మరణం సంభవించినా, ఇల్లో, ఇతర ఆస్తో కాలిపోయినా 2019 చట్టంలోని ఆరవ అధ్యాయం కింద ఉత్పత్తి బాధ్యత దావా వేయవచ్చు. తయారీ లోపం, రూపకల్పన లోపం, ఇచ్చిన హామీకి తగ్గట్టు లేకపోవడం, సరైన వాడకం గురించి, ప్రమాదం గురించి తగిన సూచనలు ఇవ్వకపోవడం ఇందులో తయారీదారును బాధ్యుణ్ని చేసే కారణాలు. పడక గదిలో బ్యాటరీ ఛార్జింగ్ పెట్టరాదన్న హెచ్చరిక కొనుగోలుదారుకు అర్థమయ్యే భాషలో లేకపోవడం కూడా ఈ చివరి కారణం కింద వాదించదగిన విషయం. వారంటీ ఉల్లంఘన వల్ల బండికే కలిగిన నష్టం మాత్రం ఈ అధ్యాయంలోని హాని నిర్వచనంలోకి రాదు. దానికి లోపమున్న వస్తువుగానే ఫిర్యాదు చేయాలి.

చిన్న పట్టణాల్లో అమ్ముడై కనబడకుండా పోయే బ్రాండ్ల విషయంలో సెక్షన్ 86 ఎంతో విలువైనది. తయారీదారు ఎవరో తెలియకపోయినా, తెలిసినా నోటీసు అందజేయలేకపోయినా, ఆదేశాన్ని అతనిపై అమలు చేయలేకపోయినా, అమ్మిన వ్యాపారే ఉత్పత్తి బాధ్యత వహించాలి.

రీకాల్, సామూహిక చర్య

2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరి, 2021 ఏప్రిల్ నుంచి నిబంధనలతో అమలవుతున్న సెక్షన్ 110-ఎ కింద, పర్యావరణానికి, వాహనంలోని వారికి, రోడ్డు మీది వారికి హాని కలిగించగల లోపమున్న వాహనాలను వెనక్కి తీసుకోమని కేంద్రం తయారీదారును ఆదేశించగలదు. అలా పిలిపించిన వాహనానికి ధర తిరిగి చెల్లించడమో, అంతకు తగ్గని మరో వాహనం ఇవ్వడమో, మరమ్మతు చేయడమో తయారీదారు విధి. యజమానుల నుంచి నిర్ణీత శాతంలో ఫిర్యాదులు వచ్చినప్పుడు కూడా ఈ యంత్రాంగం కదులుతుంది కనుక ప్రతి యజమాని ఫిర్యాదూ లెక్కలోకి వస్తుంది.

వినియోగదారుల వర్గం మొత్తానికి నష్టం కలిగినప్పుడు 2020 జులైలో ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ విచారణ జరపగలదు. 2022 ప్రమాదాల తరువాత ఈ సంస్థ తయారీదారులకు నోటీసులు ఇచ్చింది. 2024 అక్టోబరులో, ఏడాది కాలంలో హెల్ప్‌లైన్‌కు చేరిన 10,644 ఫిర్యాదుల ఆధారంగా ఓలా ఎలక్ట్రిక్‌కు నోటీసు జారీ చేసింది. వాటిలో 3,389 సర్వీసు ఆలస్యానికి సంబంధించినవి. దాదాపు అన్ని ఫిర్యాదులూ పరిష్కరించామని కంపెనీ బదులిచ్చినా, సంస్థ తదుపరి విచారణకు ఆదేశించింది. విడివిడిగా చూస్తే చిన్నవనిపించే ఫోన్ కాల్స్ కలిసి ఒక పెద్ద కంపెనీని సంజాయిషీ అడిగించగలవని ఈ ఉదంతం నిరూపించింది. జిల్లా స్థాయిలో ఇలాంటి ఫిర్యాదులను విచారించి నివేదిక పంపే అధికారం సెక్షన్ 16 కింద కలెక్టరుకు ఉంది. ఒకే నమూనా బండ్లు కొని ఒకే లోపంతో బాధపడుతున్నవారు, కమిషన్ అనుమతితో, సెక్షన్ 35 కింద కలిసికట్టుగా ఒకే ఫిర్యాదు వేయవచ్చు.

ఇతర దేశాల విధానాలు

పదే పదే చెడే కొత్త వాహనాల కోసం అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం 1982లో ప్రత్యేక చట్టం చేసింది. తరువాత మిగతా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన కాలిఫోర్నియాలో, కొన్న 18 నెలల్లో, లేదా 18,000 మైళ్లలోపు, ఒకే లోపానికి నాలుగు సార్లు, ప్రాణాపాయకర లోపానికి రెండు సార్లు మరమ్మతు విఫలమైనా, బండి మొత్తం 30 రోజులకు మించి మరమ్మతులో ఉన్నా, తయారీదారుకు తగినన్ని అవకాశాలు ఇచ్చినట్టే చట్టం భావిస్తుంది. బ్రిటన్‌లో 2015 చట్టం లోపమున్న వస్తువును 30 రోజుల్లో తిరస్కరించే హక్కునిచ్చింది; ఆ తరువాత కూడా ఒక మరమ్మతు విఫలమైతే వాపసు ఇవ్వవచ్చు. సింగపూర్ 2012లో తెచ్చిన చట్టం, ఆరు నెలల్లో బయటపడిన లోపం అప్పగించిన నాడే ఉన్నట్టు భావించి, కాదని నిరూపించే భారాన్ని అమ్మకందారు మీద పెట్టింది.

చట్టంలోని లోటు

భారతీయ చట్టం ఇచ్చే ఉపశమనాలు ఈ దేశాల కన్నా తక్కువేమీ కావు. ధర వాపసు, శిక్షాత్మక పరిహారం, జైలు శిక్ష అన్నీ ఉన్నాయి. లోటు రుజువు భారంలో ఉంది. పెట్రోలు బండి లోపాన్ని ఊరి మెకానిక్ చూసి చెప్పగలిగేవాడు. విద్యుత్ వాహనపు లోపం సీలు వేసిన బ్యాటరీలోనూ, కంపెనీ సర్వర్‌లోనూ ఉంటుంది. లోపం గురించి సమస్తం తెలిసిన కంపెనీ మౌనంగా ఉండి, ఏమీ చూడలేని కొనుగోలుదారు రుజువు చేయాలనడం న్యాయసూత్రానికి తగదు. నిర్ణీత సంఖ్యలో మరమ్మతులు విఫలమైతే తయారీ లోపం ఉన్నట్టే భావించాలన్న నియమం, బండి పంపిన సమాచారపు నకలును యజమాని అడిగిన వెంటనే ఇవ్వాలన్న విధి, బండి అమ్మిన ప్రతి పట్టణానికి అందుబాటు దూరంలో సర్వీస్ ఉండాలన్న షరతు చట్టంలో చేరడం అవసరం. అంతవరకు బోధన్, నిజామాబాద్ కొనుగోలుదారులకు ఉన్న హక్కులు తక్కువ కావు. బిల్లు, జాబ్ కార్డ్, రాతపూర్వక ఫిర్యాదు ఈ మూడూ మొదటి రోజు నుంచి భద్రపరచుకుని, రెండేళ్ల గడువు దాటనివ్వని వారికి, ధర 5 లక్షల లోపు అయితే పైసా రుసుము కూడా లేకుండా, తమ జిల్లా కేంద్రంలోనే ఆ హక్కులను సాధించుకునే దారి చట్టం తెరిచే ఉంచింది.